స్క్రూ తిప్పే ముందు

ఏలూరు-కైకలూరు దారిలో ఇప్పటికీ పాత మారుతి 800లు తగులుతుంటాయి. వెడల్పు టైర్లు, మోత సైలెన్సరు, డిక్కీలో గ్యాస్ ట్యాంకు. బండి కాస్త కుదుపులిస్తే చాలు, మెకానిక్ చెయ్యి తిన్నగా కార్బురేటర్ స్క్రూ మీదికే పోతుంది. తిప్పడానికి వీలుగా ఉండటం తప్ప అందుకు వేరే కారణం నాకైతే కనపడదు. 1983లో రోడ్డెక్కిన ఈ బండిది 796 సీసీ ఇంజను, ఉన్నవే మూడు సిలిండర్లు. ఒకటి పడుకుందంటే ఒళ్లంతా వణుకే. ఐడ్లింగ్‌లో ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే ఊడదీసి చూడండి, రబ్బరు పిడి పటకారుతోనే సుమా, షాకు గట్టిగా కొడుతుంది. ఏది తీసినప్పుడు ఇంజను చప్పుడు మారదో, దొంగ అక్కడే. అంతకన్నా ముందు, ఓనరుని అడగాలంటాను: చివరిసారి ఏం మార్పించారండీ? గ్యాస్ కిట్టు బిగించినప్పుడు ఊడి మూత పడని వాక్యూమ్ పైపో, వేరే బండి కార్బురేటర్ కింద సరిగా కూర్చోని గ్యాస్కెట్టో దొంగగాలి పీలుస్తుంటే, స్క్రూతో పెట్రోలు పెంచి ఐడ్లింగ్ నిలబెట్టొచ్చు గానీ ఆ గాలి ఆగదు. కొల్లేటి చెమ్మ సంగతి సరేసరి. డిస్ట్రిబ్యూటర్ మూతలో తేమ చేరితే పొద్దున మొరాయించిన బండి ఎండెక్కాక బుద్ధిగా నడుస్తుంది. దానికీ తిట్లు కార్బురేటర్‌కే.