బతికుండగానే మోసే ఆ నలుగురు

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఏటా ఆగస్టు మొదటి వారాంతంలో వేలాదిమంది సైకిళ్లతో రోడ్డెక్కుతారు. స్టర్‌బ్రిడ్జ్ అనే ఊళ్లో శనివారం తెల్లవారుతుండగా బయలుదేరినవారు దాదాపు 175 కిలోమీటర్లు తొక్కి, కేప్ కాడ్ కాలువ పక్కనున్న బోర్న్ చేరాలి. మర్నాడు అక్కడినుంచి సముద్రం అంచునున్న ప్రొవిన్స్‌టౌన్ దాకా మళ్లీ ప్రయాణం. పాన్ మాస్ చాలెంజ్ అనే ఈ యాత్రను 1980లో బిల్లీ స్టార్ మొదలుపెట్టాడు. ఆయన తల్లిని క్యాన్సర్ బలిగొంది. ఆ ఏడాది 36 మంది తొక్కి 10,200 డాలర్లు పోగుచేశారు. ఏటేటా ఇలా బోస్టన్‌లోని డేనా ఫార్బర్ క్యాన్సర్ ఆసుపత్రికి చేరిన సొమ్ము 2024 నాటికి వంద కోట్ల డాలర్లు దాటింది.

ఆ డబ్బు సంగతి అలా ఉంచి ఆ శనివారాన్ని ఒకసారి ఊహించుకుందాం. ఆగస్టు ఎండ. ఎదురుగాలి. మధ్యాహ్నానికి నడుము పట్టేస్తుంది, అరచేతులు తిమ్మిరెక్కుతాయి. ఒంటరిగా తొక్కేవాడు త్వరగా అలసిపోతాడు కాబట్టి ఒకరి వెనుక ఒకరు వరుసకడతారు. ముందున్నవాడు గాలిని చీలుస్తాడు, వెనకున్నవారికి శ్రమ బాగా తగ్గుతుంది. కాసేపటికి అతడు పక్కకు తప్పుకుని వరుస చివరికి వెళ్తే రెండోవాడు ముందుకొస్తాడు. గుంతొచ్చిందని ముందువాడు కేకేస్తే ఆ కేక చివరిదాకా అందుతుంది. దారిపొడవునా ఊళ్లవాళ్లు ఇళ్లముందు నిలబడి చప్పట్లు కొడతారు. తాము ఎవరికోసం తొక్కుతున్నారో ఆ పిల్లల ఫొటోలు కొందరి చొక్కాలమీద ఉంటాయి. సాయంత్రం బోర్న్‌లో, తొక్కినవారిలో, సేవచేసినవారిలో క్యాన్సర్ వచ్చినవారంతా ఒకచోట చేరి 'సజీవ సాక్ష్యం' అన్న పేరుతో ఫొటో దిగుతారు. నయమైనవారే కాదు, ఇంకా మందులు వాడుతున్నవారూ అందులో ఉంటారు.

ఇంత ఖరీదైన సైకిళ్లు కొనేబదులు ఆ డబ్బే ఆసుపత్రికి ఇవ్వొచ్చుగదా అని కొందరంటారు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఈ యాత్రలో ప్రతి ఒక్కరూ వేల డాలర్లు సేకరిస్తామని ముందే మాట ఇవ్వాలి, తక్కువపడితే మిగతాది తన సొంత కార్డునుంచి కట్టాలి. అందుకని యాభైమంది తలుపులు తడతారు. తలుపు తట్టిన ప్రతిచోటా ఎవరికోసమో చెప్పాల్సి వస్తుంది. అలా ఒక రోగి పేరు యాభై ఇళ్లలో వినబడుతుంది. చెక్కు రాసి పంపేస్తే ఆ పేరు ఒక్క ఇంట్లోనూ వినబడదు. మనం మెచ్చుకోవలసింది ఇదేనని మా అభిప్రాయం.

ఈ ఆసుపత్రితో మనకొక బంధముంది. దీన్ని స్థాపించిన సిడ్నీ ఫార్బర్ 1947-48లో బ్లడ్ క్యాన్సర్ సోకిన పదహారుమంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇస్తే పదిమందిలో, తాత్కాలికంగానే అయినా, వ్యాధి తగ్గుముఖం పట్టింది. అప్పటిదాకా వైద్యులు చేతులెత్తేసిన వ్యాధి అది. ఆ మందును తయారుచేసి ఇచ్చింది లెడర్లీ సంస్థలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం. ఆయన 1948 ఆగస్టులో కన్నుమూశారు. దానికి తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ మన పిల్లలకు వాడుతున్నారు.

మరి మన సంఘాల్లో ఎవరికైనా ఈ వ్యాధి వస్తే ఏం జరుగుతోంది? ముందు దాచిపెడతారు. కూతురి పెళ్లి చెడిపోతుందన్న భయం ఒకటి, ఇంట్లో ఏదో పాపముందని పక్క బెంచీవాళ్లు అనుకుంటారన్న భయం మరొకటి. స్వస్థత సభలో ప్రార్థన అయ్యాక మందులు మానేసి విశ్వాసంతో ఉండమని చెప్పే బోధకులూ ఉన్నారు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం బ్లడ్ క్యాన్సర్‌కు చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. కాస్త కోలుకోగానే ఆపేస్తే వ్యాధి తిరగబెడుతుంది. అప్పుడు ఆ బోధకుడు 'నీకు విశ్వాసం చాలలేదు' అంటాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో అనవలసిన మాటేనా అది! సాక్ష్యం చెప్పడానికి నయమైనవారినే మైకు దగ్గరికి పిలుస్తాం. కీమోతో జుట్టు రాలి, చివరి వరుసలో కొంగు కప్పుకుని కూర్చున్న సోదరిని ఎవరూ పిలవరు.

కపెర్నహూములో పక్షవాయువు గలవాణ్ని నలుగురు మోసుకొచ్చిన సంగతి (మార్కు 2) మనందరికీ తెలిసిందే. జనం కిక్కిరిసి దారి దొరక్కపోతే ఇంటి కప్పు విప్పి మంచాన్ని దించారు. అక్కడ యేసుప్రభువు చూసింది వారి విశ్వాసాన్ని. మంచంమీదున్నవాడికి ఎంత విశ్వాసముందని మార్కు ఎక్కడా విడిగా కొలిచి చెప్పలేదు. మన తెలుగులో 'ఆ నలుగురు' అంటే పాడె మోసేవారు. సువార్తలోని ఆ నలుగురు మాత్రం బతికున్నవాణ్ని మోశారు.

మనం 175 కిలోమీటర్లు తొక్కనక్కర్లేదు. హైదరాబాద్ ఎంఎన్‌జే ఆసుపత్రికి జిల్లాలనుంచి రాత్రి బస్సెక్కి వచ్చే తల్లులున్నారు. ఒక చేతిలో బిడ్డ, మరో చేతిలో రిపోర్టుల ఫైలు. వైద్యం ఖర్చు ఆరోగ్యశ్రీలాంటి పథకం భరించినా, ఆమెతో బస్సులో కూర్చునేదెవరు? ఇంటి దగ్గర మిగతా పిల్లలకు అన్నం వండేదెవరు? ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు అర్ధరాత్రి వచ్చి ఇచ్చేదెవరు? తేదీలు గుర్తుపెట్టుకుని, మందులు ఆపొద్దని ధైర్యం చెప్పేదెవరు? లెక్కపెడితే సరిగ్గా నలుగురు. ఆదివారం ఆరాధన ముగిశాక ఆ నలుగురి పేర్లు రాసుకోవడానికి పది నిమిషాలు చాలు. తర్వాతి కీమో ఎప్పుడో ఆ తల్లి చేతిలోని ఫైలులోనే రాసివుంది.