పేరు తెలిస్తే రోగం పోతుందా అనేవారికి

"మందు కొనలేనివాళ్లకి ఆ పరీక్ష దేనికండీ? పేరు తెలిస్తే రోగం పోతుందా?" అరుదైన జన్యు జబ్బుల మాట ఎత్తగానే పెద్ద డాక్టర్లే ఇలా అనడం విన్నాను. జాలిగానే వినిపిస్తుంది. ఆ జాలి ఎవరి డబ్బుతో, ఎన్నేళ్లు నడుస్తుందో చూద్దాం.

గౌచర్ జబ్బునే తీసుకోండి. (1882లో దీన్ని మొదట వర్ణించిన ఫ్రెంచి వైద్యుడి పేరు నిజానికి గోషే. ఆయన కూడా దీన్ని ప్లీహంలో పుట్టిన కంతి అనే అనుకున్నాడు.) ఒక ఎంజైము కొరవడి, ఒక రకం కొవ్వు అరగక కణాల్లో పేరుకుంటుంది. పిల్లాడి పొట్ట ఎత్తుగా కనిపిస్తుంది. చేయి పెట్టి చూసినవాళ్లు "కడుపులో బల్ల పెరిగింది" అంటారు. మలేరియా మందు వేస్తారు. తగ్గదు. నెత్తురు తక్కువుందని ఐరన్ సిరప్ పోస్తారు. ప్లేట్‌లెట్లు పడిపోయాక, బ్లడ్ క్యాన్సరేమోనని ఎముకలో సూది గుచ్చి మూలుగ తీస్తారు. రాత్రుళ్లు కాళ్లు లాగుతున్నాయని ఏడిస్తే ఎదిగే వయసు నొప్పులంటారు. చివరికి ఎవరో ఒకరు ఆ బల్లను, అంటే ప్లీహాన్ని, తీసేయమంటారు. అలా తీసేసినవాళ్లలోనే తుంటి ఎముక నెత్తురందక చచ్చుబడటం ఎక్కువ. ఇదంతా ఊరికే జరిగిందా? అప్పు చేసిందే. మరి పరీక్ష మానేసి మిగిల్చిందేమిటి?

ఆ ఎంజైము పరీక్షకు కావలసింది కాస్త నెత్తురు. ఫిల్టర్ కాగితం మీద చుక్కలు ఆరబెట్టి పోస్టులో పంపినా తొలి పరీక్షకు సరిపోతుంది.

మందు ఖరీదన్నది నిజమే, దాచను. రెండు వారాలకోసారి, జీవితాంతం నరంలోకి ఎక్కించాలి. 2021 నాటి అరుదైన జబ్బుల జాతీయ విధానం కింద వచ్చే సాయం, తర్వాత పెంచినా, 50 లక్షల దగ్గర ఆగుతుంది. మందు ఆగకూడదు. దానిమీద పోట్లాడాల్సిందే. కానీ ఆ సాయానికి అర్జీ పెట్టాలన్నా జబ్బు పేరు రాసిన కాగితం ఉండాలి కదా! ఇలాంటి జబ్బుల కోసం హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరీక్షల సంస్థనూ, నిమ్స్ ఆసుపత్రినీ కలిపి కేంద్రంగా గుర్తించారు. అక్కడికి పంపే చీటీ రాయడానికి ఖర్చేమీ లేదు.

మెదడుకు పాకే రకాల్లో ఈ మందు మెదడు దాకా చేరదు. అప్పుడైనా పేరెందుకంటారా? తల్లి కోసం. చంటిబిడ్డ పోయాక అత్తింట్లో "నీ పుట్టింటి రోగమే" అంటారు. అమ్మానాన్నలిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే ఇది వస్తుంది. ఇద్దరూ పైకి ఆరోగ్యంగానే ఉంటారు. మేనరికం కానివాళ్లలోనూ వస్తుంది. ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. జన్యువులో తేడా ఎక్కడుందో ముందే తెలిస్తే, మూడో నెలలోనే మాయ ముక్క తీసి చూడొచ్చు. తెలియకపోతే, మళ్లీ నెల తప్పినప్పుడు డాక్టరుగారికి ఆమె చెప్పుకోవడానికి ఏముంది, "మొదటి బిడ్డ కడుపులో బల్లతో పోయిందండీ" అని తప్ప?