కొండ లేని సీమలో రాతి దేవుళ్లు



పదో తరగతి హాల్ టికెట్లు వచ్చే రోజుల్లో మీలో చాలామంది అయినవిల్లి వెళ్తారు. అక్కడి సిద్ధి వినాయకుడి ముందు లక్ష పెన్నులు పెట్టి పూజ చేసి, పరీక్షలు రాసే పిల్లలకు పంచుతారు కదా, ఆ పెన్ను కోసం. తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. భయపడుతున్న పిల్లాడి చేతికి ధైర్యం ఇచ్చే వస్తువు ఏదైనా మంచిదే. నా బాధ వేరు. మన పిల్లల్లో ఎక్కువమందికి గుడి అంటే ఇంతే అయిపోయింది: పరీక్షలకు ముందు వెళ్లేది, మార్కులు వచ్చాక కొబ్బరికాయ కొట్టేది. వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలూ ప్రదక్షిణలు చేసి వచ్చిన అమ్మాయిని అడిగి చూడండి, ఆ స్వామి మూర్తి రాయి కాదు, ఎర్రచందనం అని చెప్పగలదేమో. క్యూ ఎంత పొడుగుందో మాత్రం చక్కగా చెబుతుంది.

ప్రతి గుడికీ రెండు కథలుంటాయి. ఒకటి దేవుడు అక్కడికి ఎలా వచ్చాడన్నది. అది స్థలపురాణం. రెండోది మనుషులు ఆ గుడిని ఎలా కట్టారు, ఎలా నిలబెట్టారు అన్నది. మొదటిది అర్చకులు చెబుతారు, గోడ మీద బొమ్మలేసి ఉంటుంది, లేకపోతే అమ్మమ్మ చెబుతుంది. రెండోది చెప్పేవాళ్లు లేరు. ఆ రెండోది మీరు చెప్పాలని అడగడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మొన్న ఆరో తరగతిలో డెల్టా పాఠం చెబుతున్నాను. గౌతమికీ వసిష్ఠకూ మధ్య గోదావరి తెచ్చి పోసిన ఒండ్రుమట్టే మన కోనసీమ అని, ఇక్కడ కొండా గుట్టా ఉండవని చెప్పాను. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. "సార్, మరి ర్యాలి స్వామిని ఏ రాయితో చేశారు?" అంది. ఇంతకన్నా మంచి ప్రశ్న ఈ ఏడాది నేను వినలేదు. ర్యాలిలో ముందు నుంచి చూస్తే కేశవస్వామి, వెనక్కి వెళ్లి చూస్తే జగన్మోహిని. ఒకే నల్లరాయి. మోహిని కొప్పులోని పువ్వు రాలిన చోటు కాబట్టి ర్యాలి అయిందని స్థలపురాణం. బాగుంది, పిల్లలకు తప్పకుండా చెప్పండి. దాంతోపాటు ఇదీ చెప్పండి: ఈ రోజుకీ మనం ఇంటి పునాదికి కంకర తెప్పించాలంటే లారీ గోదావరి దాటి రావాల్సిందే. వంతెనలు లేని కాలంలో అంత రాయి ఇక్కడికి చేరిందంటే ఎవరో దాన్ని నీటి మీద దాటించారు. ఎవరో మోశారు, ఎవరో తిండి పెట్టారు, ఎవరో చెక్కారు. కోనసీమలో ఏ పాత గుడి స్తంభాన్ని తాకినా ఆ చేతులను తాకినట్టే.

రాజోలు వైపు వాళ్లకు అంతర్వేది గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదనుకుంటారు. రక్తవిలోచనుడి కథ, వసిష్ఠుడి తపస్సు, పడమర ముఖంగా ఉన్న నరసింహస్వామి, ఇవన్నీ మీకు తెలుసు. ఆ గుడి కట్టించింది ఎవరో మీ అబ్బాయికి తెలుసా? 1823లో ఇప్పటి ఆలయాన్ని పూర్తి చేయించినవాడు కోపనాతి కృష్ణమ్మ. అగ్నికుల క్షత్రియుడు. అంటే చేపలవేట, పడవలు, సముద్రం తెలిసిన కులం. ఓడలు సముద్రంలో చిక్కుకున్నప్పుడు స్వామికి మొక్కుకున్నాడని, అవి తిరిగి వచ్చాక గుడి కట్టాడని చెప్పుకుంటారు. అంతకన్నా వెనక్కి వెళ్తే, స్వామిని మొదట గుర్తించి నిలిపినవాడు కేశవదాసు అనే పశువుల కాపరి అంటారు. రథోత్సవంలో మొగల్తూరు రాజుల వంశీకులు ముందుంటారు. పశువుల కాపరి, ఓడల యజమాని, రాజు. ఆ ఒక్క గుడిని పట్టుకుంటే ఈ తీరం మొత్తం చరిత్ర చేతికొస్తుంది. మా సోషల్ పుస్తకంలో ఇంత బాగా లేదు, ఒప్పుకుంటున్నాను.

అప్పనపల్లిది మన తాతల కాలం నాటి కథే. మొల్లేటి రామస్వామి కొబ్బరి వ్యాపారి. వచ్చిన లాభంలో వెంకటేశ్వరుడికి వాటా తీసి, తన కొట్టు దగ్గరే బాలబాలాజీని నిలుపుకున్నాడు. ఆ చిన్న గుడి పెరిగి, వైనతేయ ఒడ్డున 1991లో కొత్త ఆలయమైంది. గుళ్లన్నీ యుగాల క్రితమే పుట్టాయనుకునే పిల్లలకు, నిన్న మొన్న పుట్టిన గుడి ఒకటి చూపించడం మంచిది.

పాత గుళ్ల లెక్కలు ఎలా నడిచేవో చూపించాలంటే మాత్రం గౌతమి దాటాలి. ముక్తేశ్వరానికి అవతల ఒడ్డు కోటిపల్లి. అక్కణ్నుంచి ద్రాక్షారామం దగ్గరే. చాళుక్య భీముడు కట్టించాడని పేరున్న ఆ ఆలయంలో స్తంభాల నిండా, గోడల నిండా వందల శాసనాలున్నాయి. వాటిలో చాలావాటి సారాంశం ఒక్కటే. ఫలానా ఆయన, లేదా ఫలానా ఆవిడ (ఆడవాళ్లు బాగానే కనిపిస్తారు), స్వామి ముందు ఒక అఖండ దీపం వెలగడానికి యాభై గొర్రెలు ఇచ్చింది. ఆ గొర్రెలను ఫలానా కాపరి తీసుకున్నాడు. అతనూ, అతని కొడుకులూ, మనవలూ రోజుకు మానెడు నెయ్యి గుడికి పోయాలి. అంతే. ఎక్కడా అద్భుతం లేదు. ఒక దీపానికి యాభై గొర్రెలు, రోజుకో మానెడు, తరతరాలకూ. మీ పాపకు చక్రవడ్డీ లెక్కలు వస్తే దీన్నీ ఇట్టే అర్థం చేసుకుంటుంది: అసలు కదలకూడదు, రాబడితోనే దీపం వెలగాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్ అనే మాట పుట్టక ముందే మన ఊళ్లలో ఉన్న ఏర్పాటు ఇది. భక్తి అంటే దండం పెట్టి వచ్చేయడం కాదని, రోజూ ఎవరో ఒకరు నెయ్యి మోసుకురావడమని చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

మీలో కొందరికి ఇక్కడ ఒక సందేహం రావచ్చు. ఇలా మనుషుల కథలు చెబితే పిల్లలకు నమ్మకం పోదా అని. సమావేశాల్లో ఒకరిద్దరు అడిగారు కూడా. దీనికి ఎదురు వాదన చేసేవారూ ఉన్నారు. స్థలపురాణాలు కట్టుకథలు, సైన్స్ చదివే పిల్లలకు అవి ఎందుకు అంటారు. నేను ఇద్దరితోనూ ఏకీభవించను. పలివెల కొప్పేశ్వరుడి కథ తీసుకోండి. స్వామి ప్రసాదంగా ఇచ్చిన పూలదండలో వెంట్రుక కనిపించిందని రాజు నిలదీస్తే, భయపడిన పూజారి స్వామికే జుట్టుంది అని అబద్ధమాడాడట. తెల్లారేసరికి లింగానికి నిజంగానే కొప్పు వచ్చిందట. తప్పు చేసిన భక్తుడిని కూడా కాపాడే దేవుణ్ని ఊహించుకున్న ఊరు అది. ఆ ఊహ ఎంత గొప్పదో తెలియాలంటే కథను కథగా వినాలి. అదే గుళ్లో రాతి మీద శాసనాలూ ఉన్నాయి. వాటిని చరిత్రగా చదవాలి. "ఇది నిజంగా జరిగిందా నాన్నా?" అని మీ పిల్లాడు అడిగితే కసరకండి. "ఇది పెద్దలు చెప్పుకునే కథ, ఇదిగో ఇది రాతి మీద రాసింది" అని తేడా చూపించండి చాలు. ఆ తేడా తెలిసిన పిల్లలకు రేపు వాట్సాప్‌లో వచ్చే ప్రతి ఫార్వర్డ్‌నూ చరిత్ర అనుకునే ప్రమాదం ఉండదు.

మన తరగతుల్లో చర్చికి వెళ్లే పిల్లలు, మసీదుకు వెళ్లే పిల్లలు కూడా ఉన్నారు. వాళ్ల ఇళ్లలోనూ ఇదే ప్రశ్న పనికొస్తుంది: మన ప్రార్థన స్థలాన్ని ఎవరు కట్టారు, దేనితో కట్టారు, ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారు?

ఇక అసలు విన్నపం. సంక్రాంతి సెలవుల్లో పదో తరగతికి స్టడీ అవర్లు పెట్టమని ఏటా అడిగేది మీరే. మేం కాదనలేక పెడతాం. ఈసారి కనుమ ఒక్కరోజు అడగకండి. ఆ రోజు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. వ్యాఘ్రేశ్వరం, పుల్లేటికుర్రు, మొసలపల్లి, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, పెదపూడి, ఈ పదకొండు ఊళ్ల శివుళ్లు ఒక కొబ్బరితోటలో కలుసుకుంటారు. అక్కడ గుడి లేదు, గోపురం లేదు. వెదురుతో కట్టి, రంగు బట్టలు చుట్టి, గంటలు కట్టిన ప్రభల మీద దేవుళ్లే మనుషుల భుజాలెక్కి వస్తారు. వ్యాఘ్రేశ్వరుడు పెద్దరికం వహిస్తాడు. దారిలో పచ్చని వరిచేలు తొక్కుకుంటూ వెళ్లినా చేనుగల రైతు నొచ్చుకోడు, తన చేలో శివుడు నడిచాడనుకుంటాడు. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటంగా ఢిల్లీలో నడిచింది ఈ ప్రభల తీర్థమే. ఆ శకటాన్ని టీవీలో చూసి, అమలాపురం నుంచి బైకు మీద వెళ్లగలిగే దూరంలో ఉన్న అసలుదాన్ని ఒక్కసారీ చూడని పిల్లలు మా స్కూల్లో ఉన్నారు. వాళ్లలో కొందరి సొంతూళ్లు పైన రాసిన పదకొండులోనే ఉన్నాయి. ప్రభ కట్టే పని నేర్చిన తాతలు ఆ ఇళ్లలో ఇంకా ఉన్నారు. మనవలు అమలాపురంలో మెటీరియల్ బట్టీ పడుతుంటే ఆ ముడులు ఎవరు నేర్చుకుంటారు?

సెలవుల తర్వాత ఆరు నుంచి తొమ్మిది తరగతులకు ఒక పేజీ పని ఇస్తున్నాను. మీ ఊరి గుడిలో ఒక వస్తువు, గంట గానీ ధ్వజస్తంభం గానీ రథం గానీ, ఎవరు చేయించారో కనుక్కుని రాయాలి. దయచేసి గూగుల్‌లో వెతికి రాసిపెట్టకండి. పూజారి గారినో, ఊళ్లో పెద్దవాళ్లనో పిల్లలే అడగాలి. మార్కులు లేవు.

జగ్గన్నతోటకు వెళ్లేవాళ్లకు ఒక మాట. గంగలకుర్రు, అగ్రహారం ప్రభలు ఎగువ కౌశిక నీళ్లలోంచి దాటుతాయి. "అశ్శరభ, శరభ" అంటూ మోసేవాళ్లు ఎక్కడా ప్రభ ఒరగనివ్వరు. అది చూడాలంటే మధ్యాహ్నానికే గట్టు మీద చోటు పట్టుకోవాలి. కారు దూరంగా ఆపాల్సి వస్తుంది. పిల్లలకు పాత బట్టలు వేయండి, చెప్పులు చేతిలో పట్టుకునే నడవాలి.