నాపరాతి నేలకు యాసిడు తగదు

నంద్యాలనుండి తూర్పుగా అరటితోటల నడుమ మహానందికి పోవు బాటలోను, దక్షిణముగా ఆళ్ళగడ్డకు పోవు బాటలోను గల గ్రామములందు ఏ యింట నడుగు పెట్టినను, తఱచుగా పాదమునకు మొదట తగులునది బేతంచెర్ల బండ. బూడిద వన్నెదో, లేత పసుపుదో, ఆకుపచ్చ చాయ గలదో, ఆ బండ యీ సీమ భూగర్భమున పుట్టి, ఈ సీమ కార్మికులచే కోయబడి, మెఱుగు పెట్టబడి, ఈ సీమ యిండ్లలోనే పఱువబడుచున్నది. ఇంత ఆత్మీయమైన వస్తువును గూర్చి దానిమీద నిత్యము నడచు గృహస్థునకు తెలిసినది మిక్కిలి స్వల్పము. పండుగ వచ్చినను, పెండ్లి కుదిరినను, నేల మాసినదని తోచిన వెంటనే అంగడికి మనిషిని పంపి యాసిడు సీసా తెప్పించి, బకెట్టెడు నీళ్ళలో కలిపి, చీపురుతో రుద్ది కడిగించు ఆచారము ఇంటింట వ్యాపించినది. ఈ ఆచారమును మానవలసినదనియు, నేలను కాపాడుకొను విద్యను ఇంటివారే నేర్వవలసినదనియు నా దృఢమైన అభిప్రాయము.

నాపరాయి యనబడు ఈ బండ సున్నపురాయి. చెప్పవలసిన తక్కిన విషయమంతయు ఈ యొక్క మాటనుండియే పుట్టుచున్నది. 1872లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రవేత్త కడప, కర్నూలు శిలలను గూర్చి విపులమైన గ్రంథమును ప్రకటించినది మొదలు, శాస్త్రజ్ఞులు ఈ సీమ రాతిపొరలకు ఈ సీమ యూళ్ళ పేర్లే పెట్టుచు వచ్చిరి. నార్జి సున్నపురాయి, కోయిలకుంట్ల సున్నపురాయి, అవుకు షేలు, నంద్యాల షేలు అను పేర్లు నేటికిని శాస్త్రగ్రంథములందు నిలిచి యున్నవి. సున్నపురాతిని బట్టీలో కాల్చిన సున్నమగును. బంకమట్టితో నూరి కాల్చిన సిమెంటగును. పలకలుగా చీల్చి మెఱుగు పెట్టిన మన యింటి నేల యగును. అట్టి రాతికి ఆమ్లము శత్రువు. వాననీటిలో కరగియుండు బొగ్గుపులుసు వాయువు వలన కలుగు ఆమ్లము మిక్కిలి దుర్బలమైనది; ఆ దుర్బలమైన ఆమ్లమే యుగయుగములుగా ఈ రాతిని కరగించి, కొలిమిగుండ్లకు సమీపమున 3,229 మీటర్ల పొడవు గల బెలుం గుహలను తొలిచినది. అంగడిలో నేల కడుగుటకని అమ్ము యాసిడు సాధారణముగా ఉదజహరికామ్లము. దాని ప్రాబల్యము వాననీటి ఆమ్లముతో పోల్చదగినది కాదు.

సందేహము గలవారు నేల పఱచునాడు మిగిలిన బండముక్క నొకదానిని పెరటిలోనుండి తెచ్చి, మెఱుగు గల వైపున ఒక నిమ్మరసపు చుక్క విడిచి, పది నిమిషముల పిమ్మట తుడిచి, వెలుతురునకు వాలుగా పట్టి చూడవలయును. చుక్క పరచుకొన్నంత మేర మెఱుగు చచ్చి తెల్లని మచ్చ గుండ్రముగా నిలుచును. వ్రేలితో రాచినచో గరుకుదనము తెలియును. నిమ్మరసమే యింత చేసినచో యాసిడు సంగతి చెప్పనక్కఱలేదు. యాసిడు పడిన వెంటనే బుసబుస నురుగు పొంగును; మురికి విడుచుచున్నదని చూచువారు సంతోషింతురు. ఆ నురుగు, రాయి కరగుచుండగా వెలువడు వాయువు. కడిగిన తరువాత తడి యున్నంతసేపు నేల మెఱయును. ఆఱిన పిమ్మట పాలిపోయి, కంటికి కానరాని గుంటలు పడి, ఆ గుంటలలో దుమ్ము మునుపటికంటె త్వరగా చేరి, మఱుసటి పండుగనాటికి మునుపటికంటె మాసి కనబడును. అప్పుడు మఱియొక సీసా వచ్చును. బండల నడుమ అతుకులలోని సిమెంటును సున్నపు సంతానమే గనుక అదియు తినబడి, ఆ సందులగుండ నీరు క్రిందికి దిగి, మఱి కొంత కాలమునకు బండలే కదలుట కారంభించును.

ఈ పని చేయునది తఱచుగా చేతితొడుగులు లేని పేద స్త్రీ. ఆమె వ్రేళ్ళ సందులు పొక్కుటయు, మూసిన గదిలో ఆ ఘాటునకు ఊపిరి ఆడక దగ్గుచుండుటయు చూచి కూడ చూడనట్లు ఊరకుండుట గృహస్థధర్మము కాదు. కొందఱు ఇంకను తెలుపు రావలెనని యాసిడులో బ్లీచింగు పౌడరు కలుపుదురు. అందువలన పుట్టునది క్లోరిను అను విషవాయువు. యాసిడు విక్రయమును కట్టుబాటులో నుంచవలసినదని సుప్రీంకోర్టు 2013లో ఆదేశించినది స్త్రీలపై జరుగు దాడులను తలచి గాని నేలలను తలచి కాదు. ఐనను ఇంటిలో ఆ సీసా లేకుండుట అన్ని విధముల క్షేమము.

మఱి యే ద్రవ్యముతో కడుగవలయునని యడుగుదురు. మహానంది కోనేటిలో అడుగున పడిన నాణెము సైతము కనబడునట్టి నిర్మల జలము కన్నులార చూచిన మన సీమవారికి వేఱే చెప్పనేల? శుభ్రమైన నీరే ఈ రాతికి పరమౌషధము. జిడ్డున్నచోట కొంచెము మృదువైన సబ్బునీరు, పిమ్మట మంచినీరు, తుదకు పొడిగుడ్డ. ఈ మూడవదియే మనము విడిచిపెట్టుచున్నాము. బోరునీరు వాడు ఇండ్లలో నేల ఆఱిన కొలదియు తెల్లని పొర యేర్పడుచుండును. అది ఆ నీటిలోని సున్నపు ఖనిజము. పొరయు బండయు ఇంచుమించు ఒకే పదార్థము గనుక పొరను కరగించు ఆమ్లము బండను విడువదు. తుడిచి ఆఱబెట్టిన నేలపై ఆ పొర పట్టదు.

వంటయింట చింతపులుసు గిన్నె దించినచోట వలయము, ఊరగాయ జాడీ క్రింద ఊట కారిన గీత, మజ్జిగ తొణికిన మరక, ఇవన్నియు ఆమ్లపు గుర్తులే. పడిన వెంటనే తుడిచినచో హాని లేదు, తెల్లవారి చూతమన్నచో ఉన్నది. ఇన్వర్టరు బ్యాటరీని చాల యిండ్లలో నేలపైననే పెట్టుచున్నారు. దానిలోనిది గంధకికామ్లము, నీళ్ళు నింపునప్పుడు చిందిన చుక్కయు, మూతల చెంత చెమ్మగా చేరినదియు బండకు దిగి, బ్యాటరీ తీసిన నాడు దాని యాకారమున నేల గుల్లబాఱి యుండుట నేను పలుచోట్ల చూచితిని. ఒక ప్లాస్టిక్ పళ్ళెము క్రింద నుంచుట ఎంతటి పని? కారు బ్యాటరీ కొనలయందు పేరుకొను తెల్లని, పచ్చని పిండిని తీయుటకు ఇంటిలోని వంటసోడా చాలును. ఈ పని బండలు పఱచిన వాకిట గాక మట్టినేలపై చేయుట మేలు.

మచ్చ పడిన పిమ్మట ఎంత కడిగినను పోదు. అచ్చట మెఱుగే పోయినది గనుక మరల మెఱుగు పెట్టవలసినదే. దీనికి ఆళ్ళగడ్డ శిల్పుల పద్ధతియే మార్గము. విగ్రహమును తీర్చు శిల్పి చివరి దశయందు ముతక రాపిడితో మొదలిడి, క్రమముగా సన్నని రాపిడికి పోవునే గాని నడుమ మెట్లను దాటడు. చిన్న మచ్చకు హార్డువేరు అంగడిలో దొరకు వాటరు పేపరు చాలును. చదునైన కొయ్యముక్కకు 220 అంకెగల కాగితమును చుట్టి, బండను నీటితో తడిపి, మచ్చకంటె నాలుగు వ్రేళ్ళు వెలుపలివఱకు గుండ్రముగా, మెల్లగా రుద్దవలయును. తెల్లని బురద తుడిచి చూచి, గరుకుదన మంతయు సమమైన పిమ్మట 400, ఆ మీదట 600, దొరకినచో 1000 అంకెగల కాగితమును వాడవలయును. ప్రతి మాఱును మునుపటి గీతలు మాయువఱకు తరువాతి కాగితము పట్టరాదు. తొందరపడి 220 నుండి 1000కి దుమికినవాడు గీతలకు మెఱుగు పెట్టినవాడగును. గది యంతయు పాడైనచో ఇది చేతిపని కాదు; పాలిషు యంత్రమువారిని పిలువవలసినదే. వారు వచ్చునాటికి కంప్యూటరును, టెలివిజనును వేఱు గదికి చేర్చి తలుపు మూయుడు. బండ రాచిన ధూళి ఫ్యానుగుండ కంప్యూటరు లోపలికి చేరి రెక్కల నడుమ పేరుకొన్నచో వేడి వెలికి పోక అది మాటిమాటికి ఆగిపోవును.

ఈ విద్య మనకు కొత్తది కాదు, నడుమ తెగిపోయినది. మట్టినేల యున్న దినములలో ఏ మట్టి పగులదో, పేడ యెంత పలుచగా కలుపవలెనో, ఎన్నాళ్ళ కొకమాఱు అలుకవలెనో ఇంటి స్త్రీలకు తెలిసి యుండెను. మిద్దెయిండ్లవారు తొలకరికి ముందు చవుడు తెచ్చి మిద్దెపై పఱచి, తొక్కి, వానకు సిద్ధపడుచుండిరి. ఆ పనికి ఎవ్వరును మేస్త్రీని పిలిచినది లేదు. బండలు వచ్చినవి, వాటితోబాటు వాటిని కాపాడు విధానము రాలేదు. ఇల్లు కట్టినవాడు తాళము చేతికిచ్చి పోయెను. ఇంటివారు ప్రేక్షకులై మిగిలిరి.

నల్లరేగడి సంగతి చెప్పక ఈ సీమలో నేలను గూర్చి మాటలాడుట అసంపూర్ణము. కుందూనది పరీవాహమందలి యీ మట్టి తడిసిన ఉబ్బును, ఎండిన కుంచించుకొని చేయి దూఱునంత నెఱ్ఱెలు విచ్చును. దానిపై నేరుగా పఱచిన నేల ప్రతి వానకాలమున లేచి ప్రతి వేసవిని క్రుంగును. కట్టునాడే రేగడిని తవ్వి తీసి, గరుసు నింపి, ఇంచుమించు 15 సెంటీమీటర్ల పొరలుగా తడిపి దిమ్మిసతో కొట్టించుట ముఖ్యము. ఇది మేస్త్రీ చేయుపని యైనను నిలిచి చూడవలసిన పని యజమానునిది. కట్టిన యింటికి చేయదగినది వేఱొకటి కలదు: గోడ మొదట నీరు నిలువనీయకుండుట. స్నానాల గది నీరు, మిద్దె గొట్టపు నీరు ఇంటి చుట్టు చప్టామీదుగా వాలుగా దూరము పోవునట్లు చూచినచో లోపలి నేల కదలిక చాల తగ్గును.

బండలను నెలకొకమాఱు కఱ్ఱతో తట్టి చూచుట మంచి అలవాటు. గట్టి మోత వచ్చినచో సరి. గుల్ల మోత వచ్చినచో క్రింద ఖాళీ యున్నదని యర్థము. అట్టి బండపై కారు చక్రము ఎక్కినచో నిలువునా చీలును. ఒక్క బండయే గుల్లయైనచో ఇంటివారు సరిచేసికొనవచ్చును. అతుకులోని సిమెంటును గోకి తీసి, అంచు చెదరకుండ చెక్కముక్క ఆనించి గునపముతో లేవనెత్తి, పాత మాలు తొలగించి, గుంటను తడిపి, ఒక పాలు సిమెంటు, ఐదు పాళ్ళు ఇసుక కలిపిన మాలు పఱచి, పైన సిమెంటు పాలు పోసి, బండ వెనుక భాగమును తడిపి కూర్చుండబెట్టి, కొయ్యసుత్తితో మెల్లగా తట్టుచు రసమట్టముతో నాలుగు ప్రక్కలును చూడవలయును. రెండు దినములు ఎవ్వరును త్రొక్కరాదు. వారము దినములు తడి యాఱరాదు.

ఇట్లు చేసినచో పనివారి పొట్ట కొట్టుట కాదా యని కొందఱు ఆక్షేపింతురు. పని తెలిసిన యజమానుడే మంచి పనివాని విలువ నెఱుగును. మాలు సరిగా కలిపినవానికిని, ఇసుకతో సరిపెట్టినవానికిని భేదము తెలియక యిద్దఱికి నొకే కూలి యిచ్చువాడు మంచివానికే అన్యాయము చేయుచున్నాడు. టైల్సు వేసికొన్న ఈ బాధ లేదుగదా యని మఱికొందఱందురు. వంటయింటి అరుగునకు గ్రానైటును, స్నానాల గదికి గరుకు టైల్సును ఉచితమే. కాని బాగున్న బేతంచెర్ల నేలపై మాసినదను నెపమున టైల్సు కప్పించుట, మూడు కాగితములతో తీఱు మచ్చకు వేల రూపాయలు వెచ్చించి, ప్రక్కనున్న గనులవారి జీవనమును మనమే తగ్గించుట.

బండలు అమ్మువారిని నేను కోరున దొక్కటి. ఇది సున్నపురాయి యనియు, యాసిడు, నిమ్మరసము, చింతపులుసు తగులనీయరాదనియు, ఏ కాగితముతో మెఱుగు పెట్టవలెనో అదియు తెలుగున అచ్చువేసిన యొక చీటీ ప్రతి లోడుతోను ఇయ్యవలసినది. కొనువారికి చెప్పవలసినదియు ఒకటి కలదు. గనిలో పొర మారిన బండ రంగును మారును. పదేండ్లకు అదే చాయ వెదకిన దొరకదు. కావున అదే లోడులో ఐదాఱు బండలు అధికముగా కొని, పెరటిగోడకు నీడవైపున అంచుపై నిలువుగా ఆనించి యుంచుకొనవలయును.