వినుటయు విద్యయే

వర్తక వ్యవహారములకు వలయు ఆంగ్లభాషా పరిజ్ఞానమును నిర్ణయించు పరీక్షలలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారి బిజినెస్ ఇంగ్లీషు పరీక్షలు పేర్కొనదగినవి. 1993వ సంవత్సరమున చైనాదేశమునందు తొలుత ప్రవేశపెట్టబడిన యీ పరీక్షలు ప్రిలిమినరీ, వాంటేజి, హయ్యరు అని మూడు తరగతులుగా నేర్పడినవి. అందు నడిమిదియగు వాంటేజి, కార్యాలయోద్యోగమును కోరు మధ్యమశ్రేణి విద్యార్థికి అనువైనది. చదువుట, వ్రాయుట, వినుట, మాటలాడుట అను నాలుగంగములకును ఇందు మార్కులు సరిసమానముగా పంచబడినవి. మన విద్యార్థులు మొదటి రెండింటికి పుస్తకములు ముందిడుకొని రేయింబవళ్లు శ్రమించుచున్నారు. మాటలాడుటకు అద్దము ముందర నిలిచియైనను కొంత సాధన చేయుచున్నారు. వినుటకు మాత్రము, పరీక్ష వారము దినములున్నదనగా రెండు మూడు పాత ప్రశ్నపత్రములను విని, భారమంతయు దైవముపై వేయుచున్నారు. ఈ పద్ధతి సరియైనది కాదని చెప్పుటకు సంకోచింపము. వినికిడి అదృష్టముచే వచ్చునది కాదు. నిత్యసాధనచే అలవడు విద్య.

పరీక్షలో తప్పినవాడు మరల కూర్చుండవచ్చును. ఉద్యోగములో తప్పినవానికి ఆ యవకాశము సులభముగా దొరకదు. హైదరాబాదులోను విశాఖపట్టణములోను విదేశములతో టెలిఫోనుపై వ్యవహరించు కార్యాలయములు పెక్కులు గలవు. పల్లెనుండి వచ్చి, తన పనియందు నేర్పు గలిగిన యువకుడు అవతలివారు చెప్పిన గడువును పట్టుకొనజాలక, అడుగుటకు సిగ్గుపడి, "ఎస్, ఎస్" అని ఊరకుండును. తెల్లవారునప్పటికి చేయవలసిన పని యొకటి, చేసిన పని వేఱొకటి యగును. అతనికి పని రాదని పై యధికారి నిశ్చయించును. వానికి పని రాకపోలేదు, మాట చెవి కందలేదు. ఈ యొక్క లోపముచే ఎందరు సమర్థులు అసమర్థులుగా నెంచబడుచున్నారో యోచించినపుడు ఈ విషయము పరీక్షార్థులకు మాత్రమే సంబంధించినది కాదని తేటపడును.

వినుట మన దేశమునకు క్రొత్తవిద్య కాదు. శ్రవణ మనన నిదిధ్యాసనములలో శ్రవణమే మొదటిది. పండితుని బహుశ్రుతుడని పిలిచితిమే గాని, పెక్కు గ్రంథములు కన్నవాడని పిలువలేదు. ఎనిమిది దిక్కులనుండి వచ్చు ప్రశ్నలను విని ధారణయం దుంచుకొను అష్టావధానికి తెలుగునాట జరుగు గౌరవము అందఱెఱిగినదే. పరభాషల విషయమునను మనవారి తొలి గురువు చెవియే. 1611లో ఆంగ్లేయుల కంపెనీ మచిలీపట్టణమున వర్తకస్థానమును నెలకొల్పిన కాలమున మన తీరమందలి దుబాసీలకు నేటివలె పాఠ్యపుస్తకములు లేవు. రేవులలోను గిడ్డంగులలోను నలుగురి మాటలు విని వ్యవహారము నడిపిరి. 1830లో కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య మదరాసు సుప్రీంకోర్టులో ద్విభాషి. ఒక భాషలో విన్నదానిని తప్పులేక వేఱొక భాషలో చెప్పుటయే ఆ యుద్యోగము.

అట్టి చెవి మనకు ఎట్లు మందగించెను? 1835లో మెకాలే తన ప్రతిపాదనమును వ్రాసిన పిమ్మట ఆంగ్లము ప్రభుత్వవిద్యకు వాహిక యాయెను. 1857లో మదరాసు విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. ఆ యేర్పాటులో ఆంగ్లము ప్రధానముగా కంటితో చదివి కలముతో వ్రాయు భాషగా మనకు సంక్రమించినది. వ్యాకరణము, తర్జుమా, వ్యాసము అనువానిచే తరములు గడచినవి. కఠినమైన వ్యాసమును చదివి అర్థము చెప్పగల పట్టభద్రుడు రైలుస్టేషనులో ఆంగ్లమున చేయు ప్రకటనకు తెల్లబోవుట ఈ చదువు ఫలితమే. స్వరాజ్యము వచ్చి ఏడు దశాబ్దములు దాటినను ఈ లోపమును మనము పూర్తిగా దిద్దుకొనలేదు.

చెవితో భాష నేర్వవచ్చునా యని శంకించువారికి గిడుగు రామమూర్తి పంతులుగారి చరిత్రమే సమాధానము. పర్లాకిమిడి ప్రాంతమున సవరలు మాటలాడు భాషకు ఆనాడు లిపి లేదు, పుస్తకము లేదు. ఆ భాష తెలిసినవారిని చేరదీసి, వారి పలుకులను పదే పదే విని, విన్నది విన్నట్లు వ్రాసికొని ఆయన దానిని సాధించెను. 1931లో సవర భాషకు ఆంగ్లమున వ్యాకరణగ్రంథమును వెలువరించెను. పిదప నిఘంటువునుకూడ సమకూర్చెను. పుస్తకమే లేని భాషను చెవి నేర్పగా, వేలకొలది పుస్తకములును ధ్వనిముద్రణలును గల భాషను నేర్పజాలదా?

ఇక పరీక్ష స్వరూపమును చూతము. వాంటేజి శ్రవణపత్రము సుమారు 40 నిమిషములు, ప్రశ్నలు 30, భాగములు మూడు. మొదటిదానిలో మూడు టెలిఫోను సంభాషణలో సందేశములో వినిపించి, 12 ఖాళీలను ఒకటి రెండు మాటలతో గాని అంకెతో గాని పూరింపుమందురు. రెండవదానిలో అయిదుగురు చొప్పున రెండు వరుసలుగా చిన్న ప్రసంగములు చేయుదురు. ఎవరు దేనిని గూర్చి పలికిరో 10 ప్రశ్నలలో జతపరుపవలెను. మూడవది దీర్ఘ సంభాషణము. 8 ప్రశ్నలకు మూడేసి సమాధానములనుండి యొకటి యేరుకొనవలెను. ప్రతిదానిని రెండుసారులు వినిపింతురు.

ఇందలి కిటుకు మాటలు వినబడుటలో లేదు, భావము పట్టుకొనుటలో గలదు. సమావేశము గురువారమని తొలుత అనుకొంటిమి, హాలు దొరకనందున బుధవారమునకు మార్చితిమి అని ఒకడు చెప్పును. తొందరపడినవాడు గురువారమని వ్రాసి మురియును. మూడు సమాధానములలోని మాటలును ఏదో యొక రూపమున చెవిన బడుచునే యుండును. సరియైనది మాత్రము తఱచుగా వేఱు మాటలలో మాఱువేషము ధరించి వచ్చును. ఖర్చు తగ్గించుట యని కాగితముపై నుండగా, వక్త గిడ్డంగి యద్దె తమకిప్పుడు సగమే యగుచున్నదని చెప్పును. మాటను వేటాడువాడు ఇచ్చట ఓడిపోవును, అర్థమును అనుసరించువాడు గెలుచును.

ఇవి ఎల్లదేశముల యభ్యర్థులకును సామాన్యములైన కష్టములు. తెలుగువారికి ప్రత్యేకముగా కొన్ని గలవు. మన భాష అజంతము. పరభాషాపదము మన వాకిట నడుగిడగానే దాని చివర నొక యచ్చును చేర్చి ఆదరింతుము. బ్యాంక్‌ను బ్యాంకుగను, రోడ్‌ను రోడ్డుగను చేసికొంటిమి. ఇది మన భాషకు అందమే. కాని ఆంగ్లపదములు పెక్కు హల్లులతో ముగియును. వేగముగా పలుకునపుడు ఆ తుది హల్లు సగము మ్రింగబడును. అచ్చుకై యెదురుచూచు మన చెవి దానిని జారవిడుచును. "షిప్" అన్న పంపుదుము; "షిప్ట్" అన్న పంపితిమి. ఆ చివరి టకారము వినబడని గుమాస్తా పంపిన సరుకును ఇంకను కదలలేదని లెక్క వ్రాయును. "కాన్" అన్న చేయగలము, "కాంట్" అన్న చేయలేము. ఈ రెంటి నడుమ ఒప్పందమే తలక్రిందులగును.

మఱియొక భేదము నడకయందున్నది. తెలుగున ప్రతి యక్షరమును ఇంచుమించు నిండుగా పలుకుదుము. ఆంగ్లేయుడు ముఖ్యపదమును ఊది పలికి, తక్కినవానిని నలిపివైచును. "షుడ్ హావ్" అని పుస్తకమున చదివినవానికి "షుడవ్" అని వినబడిన అది తానెఱిగిన మాటయే యని తోచదు. "ఫిఫ్టీన్" అను పదునైదునకును "ఫిఫ్టీ" అను ఏబదికిని భేదము సామాన్యముగా ఊనికలోను తుది నకారములోను ఉన్నది. ధరను వ్రాసికొనువాడు దీనిని పొరబడిన నష్టమెంతయో చెప్పనక్కఱలేదు. మనము లక్షలలో కోట్లలో లెక్కించుచుండగా వారు మిలియనులలో బిలియనులలో లెక్కింతురు. పది లక్షలు మిలియను, నూరు కోట్లు బిలియను అని వేళ్లు మడచి లెక్కించులోగా తరువాతి వాక్యము దాటిపోవును. పేరును అక్షరక్రమముతో చెప్పునపుడు "ఏ", "ఇ", "ఐ" అను అక్షరనామములు తడబాటు కలిగించును. "జి"కిని "జె"కిని ఉన్న భేదమును అట్లే చెవి విడుచును. ఈ కష్టములు బుద్ధిమాంద్యమువలన వచ్చినవి కావు, మాతృభాష నేర్పిన యలవాటువలన వచ్చినవి. కారణము తెలిసిన లోపమును సాధనచే జయింపవచ్చును.

ఆ సాధన యెట్టిది? ప్రశ్నపత్రముల వెంబడి ప్రశ్నపత్రములను వినిపించి, మార్కులు లెక్కించి పంపివేయుట శిక్షణమని కొందఱు శిక్షకులు భావించుచున్నారు. జ్వరమును దినమునకు పదిసారులు కొలిచినంత మాత్రమున జ్వరము తగ్గదు. తప్పు ఏల వచ్చెనో తెలిసికొననిచో నూఱు పత్రములు విన్నను చెవి యున్నచోటనే యుండును.

మా సూచన యిది. దినమునకు అరగంటకు మించని కాలమును ఇందుకు కేటాయింపవలెను. రెండు నిమిషముల ధ్వనిముద్రణ నొకదానిని గ్రహించి, తొలుత కాగితము ముట్టక విని, సారాంశమును తెలుగుననే చెప్పుకొనవలెను. రెండవమారు వినుచు పేర్లు, అంకెలు, దినములు వ్రాసికొనవలెను. మూడవమారు వాక్యవాక్యమునకు ఆపి, వినబడినంత వ్రాసి, అచ్చుప్రతితో సరిపోల్చుకొనవలెను. అప్పుడు తప్పులను నాలుగు తెగలుగా విభజింపవచ్చును: తెలియని మాట, తెలిసినను గుర్తింపని మాట, అంకె, కథ తెగిపోయిన చోటు. మొదటిదానికి నిఘంటువు మందు. రెండవదానికి ఆ వాక్యమును వక్త వేగముతోనే బిగ్గరగా పలుమారు పలుకుట మందు, ఏలయన నోటికి అలవడిన ధ్వని చెవికి త్వరలో చిక్కును. మూడవదానికి ఇద్దఱు మిత్రులు కూర్చుండి ఒకరు ధరలు, టెలిఫోను సంఖ్యలు, పేర్ల యక్షరములు చెప్పగా మఱియొకరు వ్రాయుట చాలును. ఇందుకు కాసు ఖర్చు లేదు. నాలుగవదానికి ఒక మాట పోయినచో దానిని విడిచి ముందుకు సాగు ధైర్యము మందు. పోయినదానికై వగచువాడు వచ్చుచున్నదానినికూడ పోగొట్టుకొనును.

ఇట్లు రెండు నెలలు గడపిన పిమ్మటనే కాలనియమముతో పూర్తి ప్రశ్నపత్రములకు పూనుకొనవలెను. ధ్వని ప్రారంభమగుటకు ముందే ప్రశ్నలను చదివి, ఈ ఖాళీలో రావలసినది వ్యక్తియా, వస్తువా, అంకెయా యని ఊహించుట; మొదటిమారు పూరించి రెండవమారు పరిశీలించుట; ఏ ఖాళీని వట్టిగా విడువకుండుట అప్పుడలవడును. ఒకే వక్తను గాక బ్రిటిషువారిని, అమెరికావారిని, ఇతరదేశీయులను, మన దేశమువారినిగూడ వినవలెను. ఆకాశవాణి ఆంగ్లవార్తలు నేటికిని ఉచితమైన గురువులు.

విద్యార్థిమీదనే భారమంతయు వేయుట న్యాయము కాదు. ఇంజనీరింగు కళాశాలల పాఠ్యప్రణాళికలో భాషాప్రయోగశాలలు చేరి చిరకాలమైనది. వాని తలుపులు తనిఖీ దినమున మాత్రమే తెఱచు కళాశాలలు ఏవైన నున్నచో అవి విద్యార్థుల రుసుమునకు ద్రోహము చేయుచున్నవి. తరగతులు ముగిసిన పిమ్మటను రెండు గంటలు వానిని తెఱచియుంచుట గొప్ప త్యాగము కాదు. ఆంగ్లబోధనకై 1958లో హైదరాబాదున నెలకొల్పబడిన కేంద్రసంస్థ నేడు ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయముగా వర్ధిల్లుచున్నది. తెలుగు చెవికి ప్రత్యేకముగా తగిన శ్రవణపాఠములను సిద్ధపఱచి జిల్లా కళాశాలల కందించుటకు ఉభయ రాష్ట్రప్రభుత్వములును దాని సాయమును కోరవలెను.

పరభాషను వినుటకై యింత శ్రమపడుట దాస్యము కాదా యని అడుగువారు గలరు. వారి మాతృభాషాభిమానము మాకు ప్రియమైనదే. బోధనామాధ్యమమును గూర్చి 2019లో ఆంధ్రప్రదేశ్‌లోను 2022లో తెలంగాణలోను చెలరేగిన వాదములు ఇంకను మఱపునకు రాలేదు. కాని ఏ పక్షమువారైనను ఒక్క విషయము నంగీకరింపక తప్పదు: తెలుగున చదివిన బిడ్డకైనను, ఆంగ్లమున చదివిన బిడ్డకైనను చెవికి చదువు చెప్పనిచో వ్యవహారములో భంగపాటు తప్పదు. ఎదుటివాని యుచ్చారణమును అనుకరించుట వేఱు, ఎదుటివాని మాటను గ్రహించుట వేఱు. మొదటిది మనకు వలదు. రెండవది లేనిచో బేరములో నష్టపడువారము మనమే. మాట సరిగా వినినవానిని మోసగించుట కష్టము.

చివర నొక మాట. పరీక్షాశాలలో మరల చెప్పుమని అడుగ వీలులేదు. కార్యాలయములో అడుగవచ్చును, అడుగవలెను. "దయచేసి మరల చెప్పుడు, నేను విన్నది ఇది, సరియేనా?" అని అడిగి నిర్ధారించుకొనువాడు అల్పుడు కాడు, బాధ్యత యెఱిగినవాడు. విననిదానికి తల యూపుటయే సిగ్గుపడవలసిన పని. మన యువకులు ఆ సిగ్గును విడిచి, ఈ సాధనకు నేడే పూనుకొందురుగాక.