గౌనేసుకుని... మంచుకొండెక్కి!
మే రెండో ఆదివారం మదర్స్ డే. ఆ రోజు అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని సెయింట్ హెలెన్స్ పర్వతం మీద ఓ తమాషా చూడొచ్చు. ఆడా మగా తేడా లేకుండా చాలామంది పూలగౌన్లు వేసుకుని, స్నేహితులతో కలిసి, స్కీలూ స్నోబోర్డులూ వీపున కట్టుకుని కొండెక్కుతారు! 1980లో బద్దలై 57 మందిని బలిగొన్న అగ్నిపర్వతమది. ఎత్తు 2,549 మీటర్లు.

ఎక్కడానికి గంటలు పట్టినా, దిగేటప్పుడు జర్రున జారిపోవడమే. రాత్రి గడ్డకట్టిన మంచు పొద్దుటి ఎండకు పైపైన మెత్తబడినప్పుడు జారితేనే హాయి. ఆలస్యమైతే మంచుచరియలు విరిగిపడే భయం. శిఖరం అంచున చూరులా పొడుచుకొచ్చిన మంచు ఇంకా ప్రమాదం. నేలే అనుకుని నిలబడితే విరిగిపోతుంది. 2024లో ఓ పర్వతారోహకుడు పైనుంచి అగ్నిబిలంలో పడి చనిపోయాడు. అందుకే ఎంత సరదా ఉన్నా అంచుకు దూరంగానే ఆగాలి. సాయంత్రం అమ్మకు ఫోన్ చేయాలిగా మరి!