సంపాదకుని మాట: బల్ల దాకా చేరనివాళ్ళు

బీమా కార్డు చేతిలో ఉంటే వైద్యం అందరికీ ఒకేలా అందుతుందని మనకో నమ్మకం. 1999లో పీటర్ బాక్, ఆయన సహచరులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన లెక్క ఆ నమ్మకాన్ని గట్టిగానే కుదిపింది. తొలిదశ ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు 10,984 మంది. అందరూ 65 నిండినవాళ్ళే, అందరికీ అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ ఉంది. ఆపరేషన్ మాత్రం శ్వేతజాతీయుల్లో 76.7 శాతానికి, నల్లజాతీయుల్లో 64 శాతానికి జరిగింది. అయిదేళ్ళకు ప్రాణాలతో మిగిలినవాళ్ళు వరుసగా 34.1, 26.4 శాతం. ఆపరేషన్ అయినవాళ్ళను మాత్రమే పక్కపక్కన పెట్టి చూస్తే ఆ తేడా దాదాపు కనబడలేదు. అంటే లోపం ఒంట్లో లేదు, ఆపరేషన్ బల్ల దాకా వెళ్ళే దారిలో ఉంది.

బల్ల ఎక్కాక కూడా ఎవరి చెయ్యి, ఏ ఆస్పత్రి అన్నది తేల్చే సంగతులు చాలా ఉన్నాయి. పెద్దపేగు క్యాన్సర్‌లో కనీసం 12 లింఫ్ గ్రంథులు తీసి పరీక్షించాలంటారు. తక్కువ చూస్తే వ్యాధి ఎంత దూరం పాకిందో తెలియదు, కీమో అవసరమైనవాళ్ళకు అది అందకపోవచ్చు. ఇలాంటి ఆపరేషన్లు ఏడాదికి నాలుగైదు చేసేచోటికీ వందలు చేసేచోటికీ పోలికేమిటి!

క్యాన్సర్ చికిత్సలో జాతుల మధ్య ఈ అంతరాన్ని చెరిపేందుకు అమెరికాలో నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో వేళ్ళూనిన ‘ఆక్యూర్’ ప్రయత్నం నన్ను ఎక్కువ ఆకట్టుకుంది. అందులో అద్భుతమైన మందేమీ లేదు. రోగి అపాయింట్‌మెంట్ తప్పితే కంప్యూటర్ హెచ్చరిస్తుంది. ఒక నర్సు ఫోన్ చేసి ఎందుకు రాలేదో కనుక్కుంటుంది. ఏ జాతివారికి చికిత్స ఎంతవరకు పూర్తయిందో డాక్టర్లకే లెక్క చూపిస్తారు. తొలిదశ ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో చికిత్స అంతరం దాదాపు చెరిగిపోయింది. ఆ నర్సు ఫోన్ గురించే ఈ సంచికలో ఎక్కువ పేజీలు కేటాయించాం.